మూడో నీళ్ళు

వినపడటం లేదు. చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నా వినపడటం లేదు. ఏసీ గొణుగుతోంది, మానిటరు కూస్తోంది, తెర అవతల మంచంలో ముసలాయన గురక పెడుతున్నాడు. లోకంలో ఉన్న చప్పుళ్ళన్నీ ఈ గదిలోకే వచ్చి కూర్చున్నాయి, మా అంబిక గుండెలో ఉండాల్సిన ఆ ఒక్క చప్పుడు తప్ప. టిక్కు, టిక్కు. పాడైపోయిన గుండె వాల్వు తీసేసి లోహంతో చేసిన వాల్వు పెట్టినప్పటి నుంచీ నా చెల్లెలు ఎక్కడుంటే అక్కడ ఒక గడియారం ఉన్నట్టే. పుంగనూరులో మా ఇంటి వంటగదిలో తను అనపకాయలు ఒలుస్తుంటే పక్క గదిలో పడుకున్న నాకు వినిపించేది. నీకు దొంగతనానికి పోయే యోగం లేదే అంబీ, గోడ దూకకముందే దొరికిపోతావు అనేదాన్ని. పడీ పడీ నవ్వేది. నవ్వితే ఆ టిక్కుటిక్కు ఇంకా తొందరయ్యేది, అది విని ఇద్దరం ఇంకా నవ్వేవాళ్ళం. ఇప్పుడు ఏదీ? గోడ అవతల ఎవరో గుడ్డ కప్పి తడుతున్నట్టు ఏదో మెత్తగా ఉంది, అది కూడా నిజంగా ఉందో, ఉండాలని నేను అనుకుంటున్నానో తెలియడం లేదు.

వాల్వు మీద రక్తం గడ్డకట్టింది సిస్టర్, రెక్కలు కదలడం లేదు, అన్నాడు డాక్టర్ అరుణ్ కుమార్. గడ్డను కరిగించే మందు ఎక్కిస్తున్నాం, ఇది అయ్యేలోపల రెక్కలు తెరుచుకుంటే గట్టెక్కినట్టే, ఆపరేషనుకు బెంగుళూరు పంపుదామంటే దారిలో తట్టుకోదు. తెరుచుకోకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఈ మదనపల్లె ఆసుపత్రిలో, ఈ గుండె జబ్బుల, రక్తం జబ్బుల వార్డులోనే నా వయసంతా అయిపోయింది, నాకు ఒకరు చెప్పాలా? మందు చుక్కచుక్కగా దిగుతోంది. చెయ్యి ఊరుకోదు కదా, ట్యూబు సరిచేద్దామని లేస్తే రాజేశ్వరక్క వచ్చి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. మా ఇన్‌చార్జి ఆమె, అరిచిందంటే వార్డంతా వణుకుతుంది. ఇప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "ఈ పొద్దు నువ్వు ఈడ నర్సువి కాదు మునీ. అక్కవి. చెయ్యి పట్టుకోని కూర్చో, తక్కింది నేను సూసుకుంటా" అంది. కూర్చున్నాను. ఒక కాలు పొట్టిగా ఉన్న ఈ ఇనప స్టూలు నాకు బాగా తెలుసు. ఎంతమంది అక్కల్ని, ఎంతమంది అమ్మల్ని దీని మీద కూర్చోబెట్టి, ఏం కాదు, ధైర్యంగా ఉండండమ్మా అన్నానో. ఎంత సులువుగా అనేశానో ఆ మాట! ఏం కాదట. నా మొహం.

చెయ్యి చల్లగా ఉంది. గోళ్ళ సందుల్లో పసుపు ఎండిపోయి ఉంది. చేతికీ, జుట్టుకీ, ఒంటికీ వేపాకు వాసన. డెట్టాలు వాసన తప్ప ఇంకో వాసన బతకని ఈ గదిలో వేపాకు వాసన. వచ్చే పోయే వాళ్ళంతా ఒక్క క్షణం ఆగి పీల్చి పోతున్నారు, ఎవరూ ఏమీ అడగరు. మా వైపు వాళ్ళకు అడగాల్సిన పని లేదు. ఇంట్లో బిడ్డకు ఒంటినిండా పొక్కులు లేస్తే మేం దాన్ని జబ్బు అనం, అమ్మవారు వచ్చింది అంటాం. వచ్చింది చుట్టం కాదు, తల్లి. గడపకు వేపమండలు కడతాం, చెప్పులు వీధిలోనే విప్పుతాం, తాళింపు వేయం, తల దువ్వం, పొరుగూరు పోం, పొరుగువాళ్ళను రానీం. అంబలి, పెరుగన్నం, వేపాకు పడక. సూది అనే మాట, మాత్ర అనే మాట ఆ గడప లోపల ఎవరి నోటా రాకూడదు, తల్లికి కోపం వస్తుంది. ఆ కోపం బిడ్డ మీద పడుతుంది. పసుపు, వేపాకు వేసి ఎండకు కాగిన నీళ్ళు ఒక విడత, రెండు విడతలు, మూడు విడతలు తలకు పోస్తారు. మూడో నీళ్ళు పడితేనే తల్లి శాంతించి వెళ్ళిపోయినట్టు. అప్పుడు ఇంట్లో తాళింపు వాసన లేస్తుంది, చెప్పులు గడప దగ్గరికి వస్తాయి, మాత్రల డబ్బా అటక దిగుతుంది. నా కొడుకు చేతన్‌కు అమ్మవారు వచ్చినప్పుడు నేనూ అంతే కదా, నర్సునై ఉండీ తలనొప్పి మాత్రైనా మింగలేదు. కానీ నాది తలనొప్పి. అంబికది గుండె.

ఆ మాత్ర ఒక్కపూట మానకూడదే పిచ్చిదానా. లోహం వాల్వు పెట్టుకున్న వాళ్ళకు రక్తం దాని మీద గడ్డకట్టకుండా కాసేది ఆ మాత్ర ఒక్కటే. అన్నం మానినా అది మానొద్దని వార్డులో డిశ్చార్జి అయ్యే ప్రతి ఒక్కరికీ గొంతు పోయేలా చెబుతాను. ఆకుకూర రోజూ ఒకే లెక్కలో తినండి, పన్ను పీకించుకునే ముందు చెప్పండి, జ్వరమొచ్చినా మానొద్దు, ఊరికి పోయినా మానొద్దు, పెళ్ళయినా చావయినా మానొద్దు. నా చెల్లెలికైతే తిట్టి మరీ చెప్పాను. తనూ ఎంత బుద్ధిగా వేసుకునేది! గంగమ్మ జాతరలో ఒక్కపొద్దు ఉన్నా మాత్ర మింగి, "అక్కా, మింగినా, ఇంక తిట్టొద్దు" అని ఫోను చేసేది. అలాంటిది, కూతురు కీర్తనకు అమ్మవారు వచ్చిన పొద్దు నుంచీ ముట్టలేదట. దారిలో అంబులెన్సులో మొగుడికి చెప్పిందట. ప్రవీణ్ నా ముందు నిలబడి ఏడుస్తూ చెప్పాడు. "నాకు తెల్దు వదినా. చేన్లోకి ఏనుగులు దిగతాండాయని నేను మంచె కాడే ఉండాను. ఇంట్లో అమ్మోరు ఉండాది గదా, నేను లోపలికి పోయేదే లే." ఆ పిల్లవాణ్ణి ఏమనాలి? అనాల్సిన మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఉంది. యశోదమ్మ. అంబిక అత్త.

ఆమెను నేను వదలను. ఈ సీసా అయిపోనీ, నా చెల్లెలు కళ్ళు తెరవనీ, అప్పుడు చెబుతాను ఆమె సంగతి. రామకుప్పం దగ్గర ఆ పల్లెలో ఆమె మాటంటే మాటే. రాగులు ఎప్పుడు కోయాలో, ఎద్దును ఎప్పుడు అమ్మాలో అన్నీ ఆమె చెప్పాల్సిందే, మామ చెంగయ్య తల ఊపాల్సిందే. పరాయి ఇంట్లో మంచినీళ్ళు తాగని మనిషి. అలాంటి ఇంట్లో అమ్మవారు ఉండగా కోడలు మాత్ర మింగుతానంటే ఒప్పుకుంటుందా? కళ్ళు ఉరిమి ఉంటుంది. నీ కూతురు కంటే నీ గుండె ఎక్కువా అని ఉంటుంది. అని ఉంటుంది, నాకు తెలుసు అలాంటి వాళ్ళు. నా చెల్లెలికి నోట్లో నాలుక లేదు, చిన్నప్పటి నుంచీ అంతే. కీళ్ళు వాచి, జ్వరమొచ్చి బడి మానేసినప్పుడు కూడా నొప్పి అని ఏడవలేదు. ఆ జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకొకసారి సూదికి పోవాలి. పుంగనూరు బజారులో నాన్న అంజినప్పకు చిన్న బంకు, వాచీలు బాగుచేసేవాడు, కంటికి అద్దం తగిలించుకుని ఒళ్ళు వంచి కూర్చునేవాడు. ఆయనకు తీరిక ఉండేది కాదు, నేనే చెయ్యి పట్టుకుని నడిపించుకుని పోయేదాన్ని. ఆ సూది ఎంత నొప్పో పెద్దవాళ్ళే కేకలు పెడతారు, ఇది మాత్రం నా వేలు పట్టుకుని నొక్కేది. అంతే. వేలు నొక్కడమే దాని ఏడుపు. వచ్చేటప్పుడు దారిలో బొరుగులు కొనిపెడితే నడుస్తూ తినేది, కుంటుతూ తినేది, నాకూ పెట్టేది. నేను నర్సునయ్యింది ఆ సూది వల్లే అయ్యుండొచ్చు. చేరిన పొద్దు నాన్న తన చేత్తో బాగుచేసిన కీ వాచీ నా చేతికి కట్టాడు, నాడి చూసేదానికి పనికొస్తుందని. ఇదిగో ఇప్పటికీ కట్టుకునే ఉన్నాను. అంబికకు ఆపరేషన్ అయి మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నాన్న తల పక్కకు వంచి విని, "బాగా తిరగతాంది, మంచి మిషనే ఏసినారు" అన్నాడు. ఆ ఒక్క మాటకు మేమందరం ఏడ్చి నవ్వాం. ఆయన పోయినాక ఆ వాచీకి కీ ఇచ్చినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది.

వేలు నొక్కవే అంబీ. ఒక్కసారి. నొప్పిగా ఉంటే నొక్కు. నొక్కడం లేదు. అంబులెన్సులోంచి దించినప్పుడు నొక్కింది. కుప్పంలో పెద్దాసుపత్రి అంత దగ్గర పెట్టుకుని, వద్దు, మా అక్క ఉండేచోటికే తీసుకుపో అందట. ఆయాసంతో మాట సరిగా రాకపోయినా అదే మళ్ళీ మళ్ళీ అందట. వి.కోట దాటి, పలమనేరు దాటి, మా పుంగనూరు దగ్గర టమోటా లారీలు అడ్డం తిరిగి ఉంటే అక్కడ ఆగి, అరిచి, హారన్లు కొట్టి. ఇక్కడ గేటు దగ్గర నేను నిలబడి. నిలబడి ఏం చేశాను, పోయే వచ్చే ప్రతి బండిలోకీ తొంగి చూశాను. తలుపు తీయగానే పెదాలు నల్లబడి, నుదుట పసుపుతో కనపడింది. నా వేలు పట్టుకుంది. ఏం చెబుతుందో, నొప్పి అంటుందేమో, భయం అంటుందేమోనని చెవి దగ్గర పెడితే, "అక్కా, పాపకు మొగాన మచ్చలు నిలబడవు గదా?" అంది. నిలబడవే, నిలబడవు, కొబ్బరినూనె రాస్తే పోతాయి అన్నాను. నవ్వింది. అంతే, తర్వాత మాట లేదు.

కీర్తన. ఆరేళ్ళ పిల్ల. పిల్ల పుట్టాకే కదా అంబికకు ఊపిరి అందక గుండె సంగతి బయటపడింది, రెండేళ్ళు తిరిగేసరికి వాల్వు మార్చారు. అప్పటి నుంచీ ఆ పిల్లకు అమ్మ గుండె మీద చెవి పెట్టుకుంటేనే నిద్ర. అమ్మ గడియారం అంటుంది. రక్తం పరీక్షకని అంబిక మదనపల్లె వచ్చి, ఆ పూట పుంగనూరులో మా ఇంట్లో ఆగితే, ఫోను మోగేది. "అమ్మా, గడియారం పెట్టు." అంబిక ఫోను ఎద మీద పెట్టుకుని పడుకునేది, అక్కడ ఆ పిల్ల నిద్రపోయేదాకా కదిలేది కాదు. పిచ్చి వేషాలు, పిల్లకు అలవాటు చేయకు అని కసిరేదాన్ని. "పోన్లేక్కా, మందులు మింగి బతికేదానికి ఇదొక్కటన్నా పనికి రానీ" అనేది. ఆ పిల్ల ఇప్పుడు ఆ ఊళ్ళో తాత చెంగయ్య దగ్గర ఉంది. ఈ పొద్దే మూడో నీళ్ళు పోశారట. పోసీ పోయగానే అంబిక కూలబడిందట. దేవుడా, ఇంకొక్క పూట ఆగి ఉంటే మాత్రల డబ్బా అటక దిగి ఉండేది కదా.

తెర కదిలింది. యశోదమ్మ. రాజేశ్వరక్క ఒక్కొక్కరినే పంపుతున్నట్టుంది. కాళ్ళకు చెప్పులు లేవు, కొంగు తల మీద, చేతిలో అంబిక సంచి, అంబిక ఫోను. వచ్చి కోడలి కాళ్ళ దగ్గర నిలబడి, కాళ్ళు దుప్పటితో కప్పింది. ఆ కప్పడం చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత ప్రేమ ఉన్నదానివి అనిపించింది. ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను. 

"నీ మనవరాలికి అమ్మోరు వస్తే నా చెల్లెలి మాత్రలు యాల మాన్పించినావత్తా? అది మానితే ఇట్లయితాదని నీకు తెల్దా? నేను నీ ఇంటికొచ్చి నీ ముందరే చెప్పలేదా?"

ఆమె కళ్ళెత్తి చూసింది. కోపం లేదు, బెదురు లేదు. నేను అనే మాటలన్నీ పడతానన్నట్టు నిలబడింది. "నేను మాన్పించలేదమ్మా. నా మనవరాలి మీద ఆన. నేనే పొద్దుగూకులా మాత్ర, నీళ్ళు చేతికిచ్చినా. ఇది గుండెకాయ మాత్రమ్మే, తలకాయ నొప్పికి మింగేది కాదు, అమ్మోరు కూడా బిడ్డల తల్లే, నిన్నేమీ అనుకోదు, మింగు అన్నాను. మింగినా అత్తా అని నీళ్ళు తాగతాది. నేను నమ్మితిని."

"మరి?"

"పాపకు కంటి పక్కన ఒక పొక్కు లేసింది. కంట్లోకి దిగితే సూపు పోతాదని ఎవరో అన్నారంట. మా వీధిలో గోవిందస్వామి బిడ్డకు అట్లే పోయింది. అది విన్నప్పటి నుంచీ ఇది కూడు తినలే, నిద్ర పోలే. నాతో ఒక మాట అనలే." సంచిలోకి చెయ్యి పెట్టి పసుపు గుడ్డ మూట ఒకటి తీసింది. మొక్కుకున్నప్పుడు రూపాయి పెట్టి కట్టే ముడుపు. "ఈ పొద్దు మూడో నీళ్ళు పోసినాము. పాప కన్ను తెరిచింది, తెల్లగా మల్లెపూవు మాదిరి ఉండాది. ఇది ఎంత సంతోషపడిందో తెలుసా అమ్మా? నవ్వతానే దేవుడి మూలకు పోయి ముడుపు విప్పతా కూసుంది. ఏం మొక్కుకున్నావే అంటే చెప్పకుండా నవ్వింది. విప్పనే లేదు, అట్లే ఒరిగిపోయింది. దారిలో నేను విప్పి సూస్తిని."

మూట నా చేతిలో పెట్టింది. రూపాయి, అక్షింతలు, కుంకుమ. వాటితో కలిసి, పసుపు అంటుకుని, మాత్రలు. ఆమె రోజూ చేతికిచ్చిన మాత్రలన్నీ. నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, నాలుక కింద దాచి, మళ్ళీ తీసి, తుడిచి, తల్లీ నా బిడ్డ కన్ను కాపాడు, నా మందు నీకు వదులుతున్నాను అని ముడివేసినవి. తలనీలాలు మొక్కుకుంటారు, కోడిని మొక్కుకుంటారు, నువ్వేం మొక్కుకున్నావే అంబీ? నీ దగ్గర ఇంకేమీ లేదనుకున్నావా? అందుకేనా ఇంట్లో అమ్మవారు ఉందని నాకు ఫోనైనా చేయలేదు. చేస్తే మాత్ర సంగతి అడుగుతానని తెలుసు. నాకు అబద్ధం చెప్పలేవు, చెబితే ఫోనులోనే నీ గుండె చప్పుడు నిన్ను పట్టిస్తుంది. నాకు ఎవరి మీద కోపం రావాలి ఇప్పుడు? ఈ ముసలామె మీదా? ఈమె ఇచ్చింది. అమ్మవారి మీదా? ఆ తల్లి ఎప్పుడు అడిగింది? పిల్ల కన్ను చల్లగా ఉంది, నా చెల్లెలు చల్లబడుతోంది. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ మాత్రలు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. యశోదమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. వద్దనలేదు.

మందు సీసా అయిపోయింది. చివరి చుక్క ట్యూబులో దిగడం నేను చూశాను. అరుణ్ కుమార్ వచ్చి స్టెతస్కోపు పెట్టి విన్నాడు, చోటు మార్చి విన్నాడు, మళ్ళీ విన్నాడు. అంతసేపు వినక్కర్లేదు డాక్టర్, ఆ చప్పుడు ఉంటే గుమ్మం దగ్గరికే వినపడుతుంది. మానిటరు కూత మారింది. ఇన్నేళ్ళు ఎంతమందికి విన్నానో ఆ కూత. రాజేశ్వరక్క నన్ను పక్కకు లాగి ఎద మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతోంది, ఎవరో సూది, ఎవరో గొట్టం, అందరూ నా వాళ్ళే, నాతో క్యారియరు పంచుకుని తినేవాళ్ళే, ఎంత బాగా చేస్తున్నారు, ఒక్కరు కూడా తడబడలేదు. గోడకు ఆనుకుని నేను వింటున్నాను. అక్కా అని పిలుస్తుందని కాదు, టిక్కు అంటుందని. అనలేదు. రాజేశ్వరక్క చేతులు ఆపింది. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని నా వైపు చూడలేక సిలిండరు వైపు చూసింది. ఎవరో మానిటరు ఆపేశారు. అప్పుడు ఆ గదిలో నాన్న వాచీ చప్పుడు ఒక్కటే మిగిలింది, నా మణికట్టు దగ్గర. పారేయాలనిపించింది. నా చెల్లెలు పోయింది. ఇంతసేపూ ఈ స్టూలు మీద కూర్చుని దాని చెయ్యి పట్టుకుని ఉన్నా పోయింది.

ఫోను మోగింది. యశోదమ్మ చేతిలో అంబిక ఫోను. ఆమెకు ఎత్తడం చేతకాలేదు, నాకు చాపింది. పేరు చూశాను, మామ అని ఉంది. ఎత్తాను. చెంగయ్యకు ఏం చెప్పాలి, ఎట్లా మొదలుపెట్టాలి అనుకుంటున్నాను. చెంగయ్య కాదు.

"అమ్మా?"

"నేను పెద్దమ్మనే."

"పెద్దమ్మా, తాత పండుకోమంటాండాడు. నాకు నీళ్ళు పోసినారు గదా, నిద్రొస్తాంది. అమ్మను గడియారం పెట్టమను."

ఏమనాలి? ఎంతోమంది పెద్దవాళ్ళకు చెప్పాను ఈ మాట, ఆరేళ్ళ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. ముందు పడుకోనీ, అంతే అనిపించింది. మణికట్టు నుంచి నాన్న వాచీ విప్పి ఫోనుకు ఆనించి పట్టుకున్నాను. టిక్కు టిక్కు టిక్కు. ప్రవీణ్ తెర పట్టుకుని నిలబడి చూస్తున్నాడు, యశోదమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అవతల కాసేపు ఏ చప్పుడూ లేదు. నిద్రపోయింది, పోనీలే తల్లీ, పడుకో అనుకున్నాను.

"పెద్దమ్మా, ఇది అమ్మది కాదు."

"అమ్మదే నాన్నా."

"కాదు. అమ్మది నేను పిలిస్తే బిరబిరా కొట్టుకుంటాది. ఇది ఊరికే ఒకే మాదిరి కొట్టుకుంటాంది. అమ్మది పెట్టు పెద్దమ్మా, నేను పిలుస్తా."

వాచీ పక్కన పెట్టాను. ఫోను తీసుకెళ్ళి అంబిక ఎద మీద, వాల్వు ఉన్నచోట పెట్టాను. అమ్మా, అని పిలిచింది పిల్ల. అమ్మా, అమ్మా, అని పిలుస్తోంది. నేను కూడా పక్కనే వంగి చెవి ఆనించాను.